నలుగురుంటే చాలు

బీజీఎంఐ అనే మొబైల్ ఆటలో విమానం నుంచి వంద మంది దూకుతారు. అరగంటకల్లా ఆట ముగుస్తుంది. మనల్ని కాల్చినవాడు రేపు మళ్లీ ఎదురుపడినా గుర్తుపట్టలేం. ఆ ఆటకు గురి, వేగం, మ్యాప్ మీద పట్టు అన్నీ కావాలి, ఆ నేర్పును గౌరవిస్తాను. కానీ నా పక్కన ఆడుతున్న మనిషి ఎవరో నాకు తెలిసి ఉండాలి. అందుకే నా వారాంతాలన్నీ వాల్‌హైమ్‌కే పోతున్నాయి.

స్వీడన్‌కు చెందిన ఐరన్ గేట్ అనే చిన్న సంస్థ 2021 ఫిబ్రవరిలో తెచ్చిన ఆట ఇది. ఒక్కో లోకంలో పది మంది దాకా ఆడొచ్చు. మేం నలుగురం. ఇంజినీరింగ్ హాస్టల్లో గది నుంచి గదికి లాన్ కేబుళ్లు లాగి కౌంటర్ స్ట్రైక్ ఆడిన జట్టు మాది. ఇప్పుడు ఇద్దరం హైదరాబాద్‌లో ఉంటే, ఒకడు బెంగళూరులో, ఇంకొకడు డాలస్‌లో ఉన్నారు. మాకు ఆదివారం పొద్దున అయితే డాలస్ వాడికి శనివారం రాత్రి.

ఈ ఆటలో ఇనుము సంపాదించడం పెద్ద పని. చిత్తడి నేలల్లోని పాతాళ గదుల్లో బురద గుట్టలు తవ్వితే ఇనుప తుక్కు దొరుకుతుంది. క్షణంలో ఇంటికి చేర్చే పోర్టల్స్ ఉన్నా, మామూలు సెట్టింగుల్లో లోహాన్ని వాటిగుండా తీసుకెళ్లనివ్వరు. పడవకెత్తి సముద్రం దాటించాల్సిందే. ఒకడు చుక్కాని పడితే, ఇంకొకడు విల్లు పట్టుకుని సముద్ర సర్పం కోసం కాపలా కాస్తాడు. ఎదురుగాలి వచ్చిందంటే ప్రయాణం నత్తనడకే. ఇంటి లోను, అమ్మ మోకాలి ఆపరేషన్, పిల్లల స్కూలు ఫీజు లాంటి కబుర్లన్నీ అప్పుడే బయటికొస్తాయి. దారిలో ఎవడైనా చస్తే వాడి సామానంతా అక్కడే సమాధిలో ఉండిపోతుంది. వట్టి చేతులతో దాన్ని తెచ్చుకోవడానికి బయల్దేరేలోగా హెడ్‌సెట్‌లో “ఆగరా, నేనూ వస్తున్నా” అని వినిపిస్తుంది. నేను ఆడేది ఆ మాట కోసమే.

పెద్ద ఆటల్లో సీజన్ మారగానే ర్యాంకు కిందికి దిగుతుంది. మళ్లీ ఎక్కాలంటే ఆడుతూనే ఉండాలి. మా లోకం ఒకడి కంప్యూటర్లో ఉంది. వాడు తెరిచేదాకా అక్కడ పొద్దు కూడా కదలదు.

ఇలా ఆడటానికీ కట్టుబాట్లు కావాలి. చెప్పిన టైముకు రావాలి. ఒకడు లేనప్పుడు మిగతావాళ్లు కొత్త బాస్ జోలికి పోకూడదు. చేయి తిరిగినవాడు వెనకబడ్డవాడి కోసం ఆగాలి. వంద మందిలో ఒకడు తగ్గితే ఆ చోటు క్షణంలో నిండిపోతుంది. నలుగురిలో ఒకడు రాకపోతే ఫోన్ చేసి ఎందుకు రాలేదని అడుగుతాం.

లక్షల మంది ఆడే ఆటలు కూడా చివరికి ఇటువైపే వచ్చాయి. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో పెద్ద రైడ్‌కు, అంటే జట్టుగా చేసే దాడికి, 40 మంది కావాల్సి వచ్చేది. దానికి 2007లో వచ్చిన విస్తరణ బర్నింగ్ క్రూసేడ్‌లో రైడ్‌లను 10, 25 మందికి కుదించారు. ఎంత పెద్ద లోకమిచ్చినా మనిషి అందులో తనవాళ్లను వెతుక్కుంటాడు.

ఒకప్పుడు మీతో ఆడి, ఇప్పుడు పుట్టినరోజు మెసేజ్‌కే పరిమితమైన మిత్రులు ఉండే ఉంటారు. ఈ వారం వాళ్లకు ఫోన్ చేయండి. ఏ ఆట ఆడాలన్నది తర్వాత చూసుకోవచ్చు, ముందు అందరికీ కుదిరే ఒక గంట ఖాయం చేసుకోండి.