మత్తడి ఆగినంక పడవ

వానకాలంలో భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు పడవ సరదా పెట్టుకోవద్దు. ఫోన్లలో జలపాతాల ఫొటోలు తిరిగేది ఆ రోజుల్లోనే కాబట్టి జనం బయల్దేరేదీ అప్పుడే. 2023 జులైలో భూపాలపల్లి జిల్లా చిట్యాలలో ఒక్క రోజులోనే 600 మిల్లీమీటర్లు దాటిన వాన కురిసింది. 27న తెల్లవారేసరికి మోరంచవాగు మోరంచపల్లిని ముంచేసింది. ఇళ్ల కప్పులెక్కిన జనాన్ని హెలికాప్టర్లు, బోట్లు వచ్చి దించాయి. మరుసటేడు సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలుకట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. మరిపెడ దగ్గర ఆకేరు వంతెన మీంచి పారింది. ఎండకాలం మేకలు తడవకుండా దాటే వాగులివి.

గూడూరు మండలంలోని భీముని పాదం జలపాతానికి మాత్రం వానల్లోనే పోవాలి, కానీ నడిచి పోవాలి. డెబ్బై అడుగుల ఎత్తు నుంచి పడే నీళ్లను కింద నిలబడి చూడటమే తప్ప దానికీ పడవకూ పొత్తు లేదు. దసరా దాటితే ధార సన్నబడుతుంది.

మన అసలు కాలం అప్పుడు మొదలవుతుంది. బతుకమ్మలను సాగనంపి, చెరువులు మత్తడి దుంకడం ఆగి, ఎర్రనీళ్లు తేరుకున్నాక బయ్యారం చెరువు చూడాలి. గణపతిదేవుని చెల్లెలు మైలాంబ తవ్వించిన చెరువది. కాకతీయుల వంశక్రమం చెప్పే బయ్యారం శాసనం ఆ కట్ట దగ్గరిదే. చుట్టూ గుట్టలు ఉండటంతో పొద్దున గాలి ఆలస్యంగా లేస్తుంది. గాలి లేవకముందే నీళ్లలో ఉండాలి.

అక్కడ నేను ఎక్కేది తెప్ప. కట్టెల తెప్ప కాదు. థర్మాకోల్ పలకలు నాలుగైదు పేర్చి, ప్లాస్టిక్ సంచుల పట్టా చుట్టి, నైలాన్ తాడుతో బిగించింది. వలకు, మనిషికి సరిపోను జాగా. నాలాంటి బరువు ఎక్కాలంటే రెండింటిని జంటగా కడతారు. తెడ్డు ఉండదు, రెండు చేతుల్లో రెండు చెక్కముక్కలు ఉంటాయి. కుడిచేత్తో గట్టిగా లాగితే ముందు భాగం ఎడమకు తిరుగుతుంది, ఎడమచేత్తో సరిచేయబోతే కుడికి పోతుంది. కొత్తవాడు చెరువంతా పాములా మెలికలు తిరిగి అలసిపోతాడు. రెండు చేతులు ఒక్కసారే వేయాలి, కొంచెమే వేయాలి, వేశాక తెప్ప ఆగేదాకా ఊరుకోవాలి. ఆ ఊరుకోవడమే ఎవరికీ చేతకాదు. కృష్ణలో పుట్టి నడిపేవాడు ముందుకు వంగి తెడ్డుతో నీళ్లను తన వైపు లాక్కుంటాడు, లేకుంటే పుట్టి ఉన్నచోటే గిరగిర తిరుగుతుంది. కొల్లేటి తాటిదోనెను గెడతో పొడిచి నడుపుతారు. కెనడా ఆదివాసులు చెట్టు బెరడుతో చేసుకున్న పడవల్లో ఒంటి తెడ్డు వాడతారు. వెనక కూచున్నవాడు లాగిన ప్రతిసారీ చివర్లో తెడ్డు అంచును కాస్త బయటికి తిప్పితేనే పడవ తిన్నగా పోతుంది. ఏ నీళ్లలోనైనా బలం కంటే సరిచూసుకోవడమే ఎక్కువ పని.

నాకు నేర్పిన ముదిరాజ్ పెద్దాయన్ని నేను మామా అంటాను. "అల్లుడా, కెమెరా లోపల్నే పెట్టు. చెయ్యి లేపితే ఎగురుతై. కూసున్నట్టే కూసో" అన్నాడు. కూచుంటే కనపడింది. మొండిమాను మీద నీటికాకి రెక్కలు చాపి అట్లే ఉండిపోయింది. దాని ఈకలు బాతు ఈకల్లా నీటిని ఆపవు, నానిపోతాయి. అందుకే లోతుకు మునగగలదు, అందుకే మునకలయ్యాక ఎండబెట్టుకోవాలి. నలుపు తెలుపు లకుముకి గాల్లో ఒక్కచోటే రెక్కలాడిస్తూ నిలబడి, కిందికి చూసి, రాయిలా పడింది. చేప దొరకలేదు. మళ్లీ పైకి లేచింది. మామ దాన్ని పట్టించుకోలేదు. ఆయన చూపు వల బెండ్ల మీదే ఉంది.

లక్నవరం చెరువులో వేలాడే వంతెనా బాగుంటుంది, ద్వీపాలూ బాగుంటాయి. కాని స్పీడుబోటులో చెరువు చుట్టి వచ్చినవాళ్లను ఏ పిట్ట చూశారని అడిగితే నవ్వుతారు. మోటారు కంటే ముందే దాని సప్పుడు అవతలి ఒడ్డుకు చేరుతుంది. ఒక చెరువును మోటార్లకు వదిలేసినా ఫర్వాలేదు, అన్నింటినీ వదలొద్దు.

చలికాలం కాళేశ్వరానిది. ఆ మాసాల్లో ప్రాణహితే నది, గోదావరి దానికి తోడొచ్చేది. పైన శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి గోదావరిని ఆపుకుంటాయి, ప్రాణహితను ఆపే పెద్ద డ్యామేదీ లేదు. 2019లో మేడిగడ్డ బరాజ్ నిండాక సంగమం దాకా నిలవనీళ్లే. నాటుపడవకు ఎదురీత లేదు, కాని ఇసుక దిబ్బల మీద వాలే పిట్టలకు దిబ్బలే లేవు. 2023 అక్టోబర్ 21న బరాజ్ పియర్లు కుంగి, నీళ్లు నిలపడం ఆపాక దిబ్బలు తేలాయి, పడవ మళ్లీ పాయ వెతుక్కుంటోంది. ప్రాజెక్టు మీద కొట్లాట అసెంబ్లీలో సాగనీ. తెడ్డు పట్టినవాడిగా నాకు పారే నీళ్లే ఇష్టం.

ఎండకాలం వచ్చేసరికి ఎవరూ ఊహించని చోటుకు పోవాలి, జనగామ జిల్లాకు. అక్కడ జీవనది లేదు. గంగారం దగ్గర దేవాదుల ఎత్తిపోతల పథకం తోడిన గోదావరి భూపాలపల్లి జిల్లా భీంఘనపూర్, తర్వాత ధర్మసాగర్ మీదుగా పైపుల్లో ఎక్కి ఎక్కి స్టేషన్ ఘనపూర్ రిజర్వాయర్‌కు వస్తుంది. నీళ్లు తగ్గినప్పుడు శిఖం బురద తేలి కొంగలు దిగుతాయి. పంపులు నడిస్తే రాత్రికి రాత్రే ఆ బురద మునుగుతుంది, కొంగలు లేస్తాయి, చేపలు లోతుకు పోతాయి. ఈ చెరువుకు కార్తెలతో పని లేదు, కరెంటుతోనే పని.

తెప్పను ఒడ్డుకు లాగుతూ అక్కడి చేపలాయన నన్ను ఎగాదిగా చూశాడు. "సారూ, నువ్వు పేపరోనివి గద. పంపులు ఎప్పుడేస్తరో ముందుగాల ఎవలనన్న అడిగి చెప్పరాదు? వలలు తీసుకుంట."