వాలుగ నోటికి తగ్గ గాలం

జగ్గయ్యపేట, నందిగామ వైపు చేపల బజారులో బల్ల మీద వాలుగ కనబడితే అందరూ పొడవే చూస్తారు. చూడవలసింది నోరు. ఆ చీలిక కన్ను దాటి వెనక్కి పోతుంది. దవడల నిండా సన్నటి పళ్ళు వరసలుగా, లోపలికి వాలి ఉంటాయి. దొరికిన చేపకు లోపలికే తప్ప బయటికి దారి లేదు. ఒంటికి పొలుసు లేదు. వీపు మీది రెక్క ఉందా లేదా అన్నంత చిన్నది, పొట్ట కింది రెక్క మాత్రం తోక వరకూ సాగుతుంది. పైదవడ మీసాలు పొడుగాటివి. మసక నీళ్ళలో కంటికంటే వాటికే పని ఎక్కువ. మన కృష్ణలో వాలుగ మాటు వేసి వేటాడే చేప. పగలు లోతున పడి ఉంటుంది, చీకటి పడ్డాక వేటకు కదులుతుంది.

ముక్త్యాలకు ఎగువన కట్టిన పులిచింతల ప్రాజెక్టు దానికి అచ్చంగా సరిపోయిన చోటు. కె.ఎల్. రావు సాగర్ అన్నది దాని అధికారిక నామం. 2013 డిసెంబరులో ప్రారంభమైంది. 24 గేట్లు, 175 అడుగుల పూర్తిమట్టం, 45.77 టీఎంసీల నిల్వ. ఆ నీటి అడుగున ఖాళీ చేసిన ఊళ్ళున్నాయి, ఒకప్పుడు వజ్రాలు తవ్విన కొల్లూరు నేల కూడా ఉంది. మునిగిన మోళ్ళ మధ్య వల చిరిగిపోతుంది కాబట్టి అలాంటి చోట గాలాల తాడే నయం.

ఆ తాడు కట్టిన తీరులో ప్రతి ముడికీ ఒక కారణం ఉంది. మందమైన తల్లితాడుకు దూరం దూరంగా పిల్లదారాలు వేలాడతాయి. రెండు పిల్లదారాల మధ్య ఎడం, ఒక్కోదాని పొడవుకు రెట్టింపు కంటే ఎక్కువ ఉండాలి. లేకపోతే పక్కపక్క గాలాలు పెనవేసుకుంటాయి. పిల్లదారం తల్లితాడు కంటే బలహీనంగా ఉండటం లోపం కాదు, ఉపాయం. గాలం మోడుకు తగులుకుంటే తెగేది ఆ ఒక్క దారమే, మిగతా తాడంతా చేతికి వస్తుంది. గాలం కొసకు వెనక్కి తిరిగిన చిన్న ముల్లు ఉంటుంది, అది దిగితే ఊడదు. తాడు చివర్లకు రాళ్ళు, ఆనవాలుకు పైన బెండ్లు. ఈ రోజుల్లో ఖాళీ ప్లాస్టిక్ సీసాలే బెండ్లు. ఎరగా బతికున్న పరిగె చేపను వెన్నెముకకు తగలకుండా వీపు రెక్క దగ్గర గుచ్చుతారు. అది ఎంతసేపు కదిలితే వాలుగ మీసాలకు అంతసేపు కబురు అందుతుంది.

ఇక ఈ తాడు వేసే గుండ్రటి పడవ, పుట్టి. వెదురు బద్దలను నేల మీద అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా పరిచి అల్లి, నడుమ బరువు పెట్టి కొసలను పైకి వంచుతారు. అంచును మాత్రం ఎక్కువ బద్దలతో దిట్టంగా అల్లుతారు. గుండ్రని ఆకారం విచ్చుకోకుండా పట్టి ఉంచేది ఆ అంచే. పూర్వం పైన తోలు కప్పేవారు, తర్వాత ప్లాస్టిక్ పట్టాలు, తారు వచ్చాయి. ఫైబర్ పుట్టిలు కూడా వచ్చాయి గానీ, అల్లిన పుట్టికి చిల్లు పడితే ఒడ్డునే కూర్చుని అతికించుకోవచ్చు. ఆ లెక్కన పాతదే నాకు తెలివైన వస్తువుగా కనబడుతుంది. దీనికి ముందూ వెనకా లేవు, అడుగున వెన్నుదూలం లేదు. అందుకే వెనక కూర్చుని తెడ్డు తోస్తే బొంగరంలా తిరుగుతుంది. వెళ్ళవలసిన వైపు అంచున కూర్చుని, తెడ్డును ముందుకు చాచి నీటిని తన వైపు లాక్కోవాలి. బల్లపరుపు అడుగు కాబట్టి జానెడు లోతు చాలు, మోళ్ళ సందుల్లో ఏ వైపుకైనా ఒక్క తెడ్డుతో మళ్ళుతుంది.

సాయంత్రం తాడు వదిలేటప్పుడు పుట్టికున్న పెద్ద బలహీనతే పనికొస్తుంది. గాలి దాన్ని ఇట్టే నెట్టుకుపోతుంది కదా, మొదటి రాయి దించి గాలివాటాన వదిలేస్తే పుట్టి జరుగుతున్న కొద్దీ తాడు బిగుతుగా పరుచుకుంటుంది. గాలాలను ముందే అంచు అల్లికలో వరసగా గుచ్చి పెట్టుకుంటే ఒక్కొక్కటీ తన వంతు రాగానే ఊడి వస్తుంది. గాలి మరీ ముదిరితే మాత్రం ఈ ఉపాయం చెల్లదు, ఒడ్డు పట్టాల్సిందే.

తెల్లవారి తాడు ఎత్తేటప్పుడు పెద్ద వాలుగ తగిలితే పెనుగులాట మొదలవుతుంది. బిగపట్టి లాగితే పిల్లదారం తెగుతుంది. పుట్టి తేలికది గనక చేప లాగిన వైపే జరుగుతుంది, దాంతో దారం మీద గుంజు తగ్గుతుంది. పడవే స్ప్రింగు అన్నమాట. చేప అలిసేదాకా పుట్టిని దాని వెంటే పోనిచ్చి, తర్వాత తాడును చేతులు మార్చుకుంటూ చేరదీస్తారు. పొలుసు లేని జారుడు ఒళ్ళు గనక గోనెసంచి చుట్టి పట్టుకుంటారు. గాలం తీయడానికి నోట్లో వేలు పెట్టరు, ఆ పళ్ళు చచ్చిన చేపవైనా చర్మాన్ని గీరేస్తాయి. పిల్లదారాన్నే ముడి విప్పి వదిలేసి, గాలాన్ని ఒడ్డుకు వచ్చాక కత్తితో తీస్తారు.