కథల అమానతు

అంతర్జాలంలో తెలుగు కథల భాండాగారాలు పెరగడం హర్షణీయమే. అయితే పాఠకునికి ఒక కథ ఒకనాడు కనబడటం వేరు, అవసరమైన ప్రతినాడూ అందటం వేరు. ఈ వ్యత్యాసాన్ని గ్రహించడానికి తిరుపతి ఉదాహరణే చాలు.

భారత డిజిటల్ లైబ్రరీ పథకంలో పాత గ్రంథాలను పుటపుటా స్కాన్ చేసిన కేంద్రాలలో తిరుమల తిరుపతి దేవస్థానాల కేంద్రం ఒకటి. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ద్వారా ఆ సంపద అంతర్జాలంలోకి వచ్చింది. ఎన్నడో అచ్చు ఆగిపోయిన కథాసంపుటాలు సైతం మదనపల్లె, పుంగనూరు పాఠకులకు ఇంట్లోనే లభించాయి. కాపీహక్కుల అభ్యంతరాల నడుమ 2017 ప్రాంతంలో ఆ వెబ్‌సైటు మూతపడింది. లక్షలాది ప్రతులను కొందరు అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేర్చినందువల్లనే అవి ఈనాటికీ చదవడానికి వీలవుతున్నాయి. మూల సంస్థ నిలబెట్టలేని దానిని రెండవ ప్రతి నిలబెట్టింది.

నిలిచినదంతా దొరుకుతుందా అంటే, అదీ లేదు. ఆ పథకపు పట్టికలలో తెలుగు పేర్లను రోమన్ లిపిలో తోచినట్లు రాశారు. కొన్నింటిలో పుటలు లోపించాయి. వెబ్‌సైట్లు తమ సొంత ఫాంట్లలో ప్రచురించిన పాత కథలు యూనికోడ్‌లోకి మారకపోతే, నేటి వెతుకులాటకు అందవు. ముస్లిం జీవిత కథలకు ఈ చిక్కు మరింత అధికం. వేంపల్లె షరీఫ్ కథాసంపుటి పేరు ‘జుమ్మా’. అదే మాటను ఒకరు జుమా అని, మరొకరు జుమ్ఆ అని రాస్తారు. నమాజు, నమాజ్, హుసేను, హుస్సేన్ — ఒక్క అక్షరం మారితే కథ ఉండీ లేనట్లే.

ఈ దృష్టితో చూస్తే శ్రీకాకుళంలో 1997లో కాళీపట్నం రామారావు నెలకొల్పిన కథానిలయం చేసిన సేవ ప్రత్యేకంగా ప్రశంసనీయం. కథ పేరు, రచయిత, పత్రిక, ప్రచురణ కాలం — వీటిని జతపరచి సూచిక తయారు చేయటమే అక్కడి ప్రధాన కృషి. హదీసు స్థానం కథకు లేదు, ఉండదు. కాని ‘ఈ మాట ఎవరి నుండి, ఏ మార్గాన వచ్చింది?’ అని అడిగే ఇస్నాద్ క్రమశిక్షణ ఏ పాఠానికైనా మేలు చేసేదే. తొలి ప్రచురణ వివరం లేకుండా చేతులు మారే పీడీఎఫ్ సనదు లేని ఉల్లేఖనం వంటిది; అందులో ఏ పుట పోయిందో, ఏ వాక్యం మారిందో చెప్పేవారుండరు. రామారావు 2021లో మరణించారు. ఆయన సేకరణ ఒక సంస్థగా రూపొందింది గనుక ఆయనతో అంతరించలేదు.

మన సమాజానికి ఇందులో ఉన్న నష్టభయం చిన్నది కాదు. కడప సత్యాగ్ని కథలు, ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’, స్కైబాబ సంపాదకత్వంలో 2004లో వచ్చిన ‘వతన్’ — ఇటువంటి రచనలలో మన ఇళ్లలోని దక్కనీ పలుకు తెలుగు లిపిలో నమోదైంది. అమ్మీ, నానీమా మాట్లాడే ఆ భాష ప్రామాణిక ఉర్దూ గ్రంథాలలో అరుదుగా కనిపిస్తుంది. ఈ కథలు మాయమైతే పోయేది వినోదం ఒక్కటే కాదు, ముస్లిం ఇంటి సాక్ష్యం కూడా.

అలాగని అనుమతి లేని ప్రతులను రహస్యంగా పంచుకోవటం పరిష్కారం కాదు. భారత చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత అరవై సంవత్సరాల వరకు కాపీహక్కు ఉంటుంది. ఇతరుల హక్కును కాలరాచి అమానతును కాపాడామనటం ధర్మసమ్మతం కాదు.

దారి మన సంప్రదాయంలోనే ఉన్నది. ఖైబర్‌లోని భూమి విషయమై హజ్రత్ ఉమర్ (రజి) సలహా అడిగినప్పుడు, మూలాన్ని నిలిపి ఫలాన్ని దానం చేయమని దైవప్రవక్త (స) సూచించారు. వఖ్ఫ్ సారాంశం ఇదే. చరాస్తుల వఖ్ఫ్‌పై హనఫీ పండితులలో చర్చ ఉన్నా, ఆచారంలో ఉన్న వస్తువుల విషయంలో ఇమామ్ ముహమ్మద్ అనుమతించారు. గ్రంథాల వఖ్ఫ్ ఆ బాటలోనే స్థిరపడింది. నేటి రచయిత తన హక్కును వదులుకోనక్కరలేదు. చదువుకోవడానికి, భద్రపరచడానికి లిఖితపూర్వకంగా అనుమతి ఇస్తే చాలు.

ఆ అనుమతితో ఒక ప్రతి చిత్తూరు మదరసాలో, ఒకటి తిరుపతి కళాశాలలో, మరొకటి దూరదేశపు భాండాగారంలో ఉండాలి. ప్రతిదానికీ తొలి ప్రచురణ వివరం, పేరుకుగల అన్ని వర్ణక్రమాలు జతచేయాలి. ఈ పని ఖరీదైనది కాదు. కాని రచయితలు జీవించి ఉండగానే అడగవలసిన పని. వారసుల చిరునామాలు వెతికే రోజు వచ్చేదాకా ఆగితే ఆలస్యమే అవుతుంది.