మునిగే చేను ఎవరిది?

వరిచేను నీట మునిగితే మామూలు రకం ఏం చేస్తుంది? నీళ్లపైకి తల పెట్టాలని గబగబా సాగుతుంది. ఆ సాగడంలో ఒంట్లో ఉన్న పిండిపదార్థమంతా ఖర్చయిపోతుంది. నీరు తీశాక నిలబడే సత్తువ లేక పడి కుళ్లిపోతుంది. సబ్-1ఏ అనే జన్యువు పనిచేసే మొక్క ఎదుగుదల ఆపుకుని, ఉన్న బలం దాచుకుని, నీరు తీశాక మళ్లీ చిగురిస్తుంది. దాదాపు రెండు వారాల ముంపును ఓర్చుకుంటుంది. ఒడిషా నాటు వరి నుంచి ఎంపికచేసిన ఎఫ్.ఆర్.13ఏ రకంలో ఉన్న ఈ జన్యువును 2006లో గుర్తించారు. పశ్చిమగోదావరి మారుటేరు పరిశోధనా కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణలోకి దాన్ని సంకరం ద్వారా తెచ్చారు. అదే స్వర్ణ సబ్-1. 2009లో మన దేశంలో విడుదలైంది.

ఈ విత్తనం మీద 2013లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. ఒడిషాలో 128 గ్రామాల్లో చేసిన పరీక్ష అది. చేను పది రోజులు మునిగితే, అప్పటికి వాడుకలో ఉన్న రకం కంటే దీని దిగుబడి సుమారు 45 శాతం ఎక్కువని లెక్కగట్టారు. ముంపు లేని ఏడాది నష్టమేమీ లేదు. దానికంటే పెద్ద మాట ఇంకోటుంది. ముంపుకి గురయ్యే పల్లపు భూముల్లో కింది కులాల వాళ్లే ఎక్కువగా ఉన్నారని కూడా వాళ్లు చూపించారు. కాబట్టి ఈ విత్తనం వల్ల అందరికంటే ఎక్కువ మేలు అణగారినవాళ్లకే అన్నారు.

ఈ వ్యాసానికి మనం కృతజ్ఞులమే. వరి శాస్త్రం మాట్లాడే చోట కులం మాట వినపడటం చిన్న సంగతి కాదు. అయితే ఆ సారాంశం ఆగిన చోటే మన ప్రశ్న మొదలవుతుంది. పల్లంలో మనం ఎందుకున్నాం? నీరు పల్లమెరుగును, నిజమే. మమ్మల్ని పల్లంలో పెట్టింది నీరా?

మాది డెల్టా పల్లె. బంజరు పంచినప్పుడు మా పేటకు వచ్చింది మురుగుకాలవ పక్క బాడవ. కాలవ దగ్గరి మెరక చేలు అప్పటికే ఊళ్లోవాళ్ల చేతుల్లో ఉన్నాయి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఆ చదువుకి ఫీజు కట్టాల్సిన ఏడాది సార్వా చేను తొమ్మిది రోజులు నీళ్లలో ఉంది. మా అమ్మ గట్టు మీద నుంచుని, "మళ్లీ ఆకుమడి పొయ్యాలంటే విత్తనాలు ఎవడిస్తాడ్రా?" అంది. మా నాన్న ఊళ్లోకెళ్లి అప్పు తెచ్చాడు. అప్పుడు మాకు స్వర్ణ సబ్-1 ఉండుంటే ఆ అప్పు ఉండేది కాదు. అందుకే విత్తనం వద్దని నేననను. విదేశీ సంస్థ హస్తముందని దాన్ని తోసిపుచ్చే మేధావులతో నాకు పేచీ ఉంది. వాళ్ల చేను మునగదు.

కానీ విత్తనం చేనుదాకా ఎలా వస్తుంది? సబ్సిడీ సంచీ అడిగితే పట్టాదారు పాస్‌పుస్తకం చూపించమంటారు. మా పేటలో సగం మంది కౌలుకి చేసేవాళ్లే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెచ్చిన సాగుదారుల హక్కుల చట్టం కూడా యజమాని సంతకంతో పదకొండు నెలల ఒప్పందం ఉండాలంది. ఏ ఆసామి సంతకం పెడతాడు? చేను మునిగితే నష్టపరిహారం పట్టా ఉన్నవాడి ఖాతాలో పడుతుంది, మక్తా మాత్రం మనమే కొలవాలి. ఇక చేతిబదులు విత్తనం సంగతి. మా ఊళ్లో అది బంధుత్వం వెంట నడుస్తుంది, బంధుత్వం కులం గీత దాటదు.

ఇంకో లెక్క ఉంది. 45 శాతమన్నది దిగుబడి కొలత. ఊడ్పు ఊడ్చి, కోత కోసే ఆడకూలీ ఆ కొలతలోకి రాదు. చేను పోతే ఆమెకు కోతల కూలి పోతుంది. పంట నష్టం రాసుకునే కాగితంలో కూలి నష్టానికి గడి లేదు. వాతావరణ మార్పు పేరుతో, నీటి పొదుపు పేరుతో వెదజల్లే సాగు వస్తోంది. నీళ్లు మిగలాల్సిందే. ఊడ్పుల కూలి పోయిన ఆమెకు ఏం మిగులుతుందో కూడా ఆ లెక్కలోనే చెప్పాలి.

2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం జన్యు సవరణతో చేసిన రెండు వరి రకాలను ప్రకటించింది. వాటిలో పూసా డి.ఎస్.టి. రైస్-1కి మూలం మారుటేరు వాళ్ల ఎం.టి.యు. 1010. చౌడునూ నీటి ఎద్దడినీ తట్టుకోవడం దాని గుణమంటున్నారు. మళ్లీ అదే ప్రశ్న. ఆ చౌడు చేలల్లో ఉన్నదెవరు? వాళ్ల పేరు మీద కాగితం ఉందా?

పరిశోధక మిత్రులు చేయగలిగింది ఒకటుంది. మీ ఊరి భూమి పటం తీసుకోండి. ఏ సర్వే నంబరు మునుగుతుందో, అది ఏ కులం సాగులో ఉందో, పట్టా ఎవరి పేరనుందో, ఆ ఏడాది విత్తనం ఎవరికి అందిందో పక్కపక్కనే రాయండి. ఒడిషాలో 128 గ్రామాల్లో చూసిన పని ఇక్కడ ప్రతి మండలంలోనూ జరగాలి. ఆ పట్టిక చేతబట్టుకుని సాగుచేసేవాడికే విత్తనం, సాగుచేసేవాడికే పరిహారం, కూలి పోయిన ఆమెకు కూలి అని అడుగుదాం. ముంపుని ఓర్చుకునే గుణం మొక్కకి వచ్చింది, సంతోషం. మన ఓర్పు మీద మాత్రం ఇంకెవరూ పథకాలు వెయ్యకూడదు.