ఫిల్మ్‌లో పడని నొప్పి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో చేయో కాలో నొప్పి అంటే ఎదుటివాళ్లు ముందుగా అడిగేది ఎక్స్‌రే తీయించారా అనే. హైవే మీద బండి పడి మణికట్టు విరిగినవారికి ఆ ప్రశ్న సరైనదే. చిక్కంతా ఆ తర్వాత వస్తుంది. ఎముక అతుకుతుంది, పిండికట్టు విప్పుతారు, కానీ కొందరికి చెయ్యి మండుతూనే ఉంటుంది. వాస్తుంది, రంగు మారుతుంది, చీర కొంగు తగిలినా ఓర్చుకోలేరు. వైద్యులు దీన్ని కాంప్లెక్స్ రీజినల్ పెయిన్ సిండ్రోమ్, పొట్టిగా సీఆర్‌పీఎస్ అంటారు. ఈ జబ్బును తేల్చాల్సింది డాక్టరు కన్నూ చెయ్యీ; స్కానింగ్‌ది తోడుండే పని మాత్రమే.

ఎక్స్‌రేకి ఇందులో ఇంత పెద్దపీట దక్కడానికి ఒక చరిత్ర ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో నరాలు దెబ్బతిన్న సైనికుల మంటను అమెరికన్ వైద్యుడు మిచెల్ 1864లోనే వర్ణించాడు. రాంట్‌జెన్ కిరణాలు, అంటే ఎక్స్‌రేలు, బయటపడ్డ ఐదేళ్లకు, 1900లో, జర్మన్ సర్జన్ సూడెక్ అలాంటి చేతుల ఎముకలు అక్కడక్కడా పలచబడడం ఫిల్మ్ మీద చూపించాడు. అప్పటినుంచి చాలాకాలం జబ్బుకే ఆయన పేరు నడిచింది. కానీ ఆ పలచదనం కనబడడానికి వారాలు పడుతుంది. పైగా కట్టులో కదలకుండా ఉన్న ఏ చేతికైనా ఎముక కొంత పలచబడుతుంది. మూడు దశల బోన్ స్కాన్ ఇంకాస్త సూక్ష్మంగా చూస్తుంది, అయినా అది మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదనలేం. అందుకే 2003లో బుడాపెస్ట్‌లో నిపుణులు కూర్చుని రూపొందించిన ప్రమాణాల్లో స్కాన్ తప్పనిసరి కాదు. గాయానికి మించిన నొప్పి, స్పర్శలో మార్పు, రంగులో వేడిలో తేడా, వాపు లేదా చెమట, కదలికలో గోళ్లలో వెంట్రుకల్లో మార్పు, వీటినే చూడమన్నారు. వేరే కారణం ఏదీ అంతకంటే బాగా సరిపోకూడదని కూడా అన్నారు. ఎముక అతకలేదా, చీము పట్టిందా, రక్తనాళంలో గడ్డ కట్టిందా అన్నవి తేల్చడానికి ఎక్స్‌రే, రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్ నిజంగా అక్కరకొస్తాయి.

ఈ ఊళ్లున్న ఉమ్మడి నల్లగొండలో ఈ విచక్షణ మరీ అవసరం. నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఇక్కడ వచ్చే ఫ్లోరోసిస్ గురించి వైద్యుడు సిద్దిఖీ 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఆ జబ్బుకు ఎక్స్‌రే గట్టి సాక్షి. ఎముక దట్టమై తెల్లగా కనిపిస్తుంది, ముంజేతి రెండెముకల మధ్య పొరలో సున్నం పేరుకుంటుంది. అది వెన్నునూ రెండు పక్కలనూ పట్టే జబ్బు. సీఆర్‌పీఎస్ సాధారణంగా దెబ్బ తగిలిన ఒక్క అవయవాన్నే పట్టి, ఎముకను పలచబరుస్తుంది. ఏళ్ల తరబడి బోరునీళ్లు తాగిన మనిషి ఫిల్మ్‌లో ఫ్లోరైడ్ గుర్తులుంటే ఉండొచ్చు. కట్టు విప్పాక ఒక్క చేతిలోనే మొదలైన మంటకు అదే కారణమని రాసేస్తే, కళ్లముందున్న నిజం అసలు జబ్బును కప్పేస్తుంది.

కాగితం మీద రుజువు లేకపోతే ఇంట్లోవాళ్లు నమ్మరు, పనిచోట సెలవివ్వరు అనే అభ్యంతరం తీసిపారేయదగింది కాదు. అయితే తొలి వారాల్లో తీసిన ఎక్స్‌రే బాగానే ఉందని రిపోర్టు వస్తే, అదే కాగితం రోగిని అబద్ధాలకోరును చేస్తుంది. రెండు చేతుల వాపూ వేడీ పోల్చి, వేళ్లు ఎంత ముడుస్తున్నారో కొలిచి, తేదీ వేసి రాసిన ఓపీ చీటీ కూడా రుజువే. ఆ కొలతలకు బోన్ స్కాన్ తీసే గామా కెమెరా అక్కర్లేదు, ఏ చిన్న ఆసుపత్రిలోనైనా కుదురుతాయి. స్కాన్ కోసం హైదరాబాద్ పంపినా, ఈలోగా నొప్పి తగ్గించే మందులతో పాటు ఫిజియోథెరపీ మొదలుపెట్టాలి. ఆ చెయ్యిని భయంతో కదపకుండా ఉంచిన కొద్దీ వేళ్లు బిగుసుకుపోతాయి.