వెనక పేజీల్లో మా పేరు

నేను పుస్తకాన్ని వెనక నుంచి తెరుస్తాను. ఆదివారం హైదరాబాదు ఆబిడ్స్‌లో, మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లో ఏది చేతికొచ్చినా ముందు చివరి పేజీల్లో పేర్ల పట్టిక చూస్తా. అంబేడ్కర్ పేరుందా? అంటరానివాళ్లు అనే మాటుందా? ఉంటే ఎన్ని పేజీల్లో? ఆ తర్వాతే పుస్తకం పేరు, రాసినాయన పేరు, ధర. "అందరూ అట్ట చూస్తారు సార్, మీరేంది తోక చూస్తారు" అని అమ్మే ఆయన నవ్వుతాడు. మమ్మల్ని ఎప్పుడూ తోకలోనే పెట్టారు. మరి అక్కడే గదా వెతుక్కోవాల.

నేను పోగేసేది గూఢచారుల పుస్తకాలు, కమ్యూనిస్టు వ్యతిరేక పుస్తకాలు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి రాజకీయ చరిత్ర. "మాదిగోడివి, నీకు ఈ సీఐఏ, కేజీబీ గోలెందుకు?" అని మిత్రులు అడుగుతారు. దళితుడు దళిత సాహిత్యమే చదవాలి, ప్రపంచ చరిత్ర వేరేవాళ్లు చదివి మనకు చెప్తారు అన్నట్టు! ఇది కూడా ఒక వెలివాడే.

మా ఊళ్లో ఎర్రజెండా ఉండేది. మా నాయన ఒక ఆసామి దగ్గర జీతం ఉండేవాడు. మేడే వస్తే జెండా మోసేవాడు. పత్రిక చదివేది మాత్రం అరుగు మీద కూచున్న కామ్రేడు. కింద కూచుని వినేది మా గూడెం. ఆ అరుగు మీద నేను ఎక్కువసార్లు విన్నమాట "అది అమెరికావాడి రాత, ముట్టుకోగూడదు" అని. ముట్టుకోగూడదు అనే మాట చెవినబడితే మాకు ఒళ్లు జలదరిస్తుంది. ముట్టరానివాళ్లకు ముట్టరాని పుస్తకాలతో చుట్టరికం కలవకుండా ఎట్లా ఉంటుంది?

1991 డిసెంబర్లో సోవియట్ యూనియన్ పోయింది. ఆ తర్వాత ఫుట్‌పాత్ మీద రెండు శిబిరాలూ ఒకే గోనెపట్టా మీదికొచ్చాయి. ప్రగతి ప్రచురణాలయం గట్టి అట్టల పక్కనే క్రావ్‌చెంకో 'ఐ చోజ్ ఫ్రీడమ్'. దానిపక్కన సీఐఏలో పనిచేసి బయటికొచ్చి దాని గుట్టు రట్టుచేసిన ఫిలిప్ ఏజీ 1975 నాటి పుస్తకం. బతికున్నన్నాళ్లూ ఒకరి నీడ ఒకరి మీద పడనివ్వని పుస్తకాలు కిలోల లెక్కన కలిసి తూగినై. నా బీరువా అట్లా నిండింది. అందులోంచి రెండు రాతల గురించి ఇక్కడ చెప్పాలి. రెండూ మనకు సంబంధించినవే.

మొదటిది 1949లో వచ్చిన 'ది గాడ్ దట్ ఫెయిల్డ్'. బ్రిటిష్ లేబర్ పార్టీ ఎంపీ రిచర్డ్ క్రాస్‌మన్ సంపాదకుడు. కమ్యూనిజాన్ని నమ్మి, తర్వాత దూరమైన ఆరుగురి అనుభవాలు. కోస్లర్, సిలోనే, జీద్, ఫిషర్, స్పెండర్, వీళ్లతోపాటు నల్ల రచయిత రిచర్డ్ రైట్. ప్రచ్ఛన్నయుద్ధంలో ఈ పుస్తకం ఒక ఆయుధమైంది. నాకు దీన్ని అమ్మినాయన ఇరవై రూపాయలు తీసుకున్నాడు. దానికి చెల్లించిన అసలు ధర రైట్‌ది.

రైట్ మిసిసిపీలో పుట్టినవాడు, బానిసల మనవడు. చికాగోలో జాన్ రీడ్ క్లబ్బు ద్వారా కమ్యూనిస్టు పార్టీలోకి పోయాడు. ఒక నల్ల కమ్యూనిస్టు జీవితకథ రాద్దామనుకుంటే పార్టీ అనుమానించింది. వీధులూడ్చి బతికేవాణ్ని మేధావి అని ఎత్తిపొడిచింది. చివరికి మేడే ఊరేగింపులో వరసలోంచి ఎత్తి బయట పడేశారు. ఇది చదువుతున్నప్పుడు నాకు చికాగో గుర్తుకు రాలేదు. జెండా కర్ర పట్టుకున్న మా నాయన చేతులు గుర్తొచ్చినై.

అయితే ఇక్కడొక మతలబుంది. రైట్ ఈ వ్యాసాన్ని 1944లోనే 'అట్లాంటిక్ మంత్లీ'లో అచ్చేశాడు. అప్పటికి అమెరికా, రష్యా ఒక్క పక్షాన నిలబడి హిట్లర్‌తో యుద్ధం చేస్తున్నాయి. ప్రచ్ఛన్నయుద్ధం ఇంకా మొదలుకాలేదు. అంటే ఇది అమెరికా ప్రభుత్వం కోసం రాసింది కాదు. ఒక నల్లవాడు తన తోటి కామ్రేడ్లతో పడ్డ తగాదా. అయిదేళ్ల తర్వాత అదే వ్యాసాన్ని తెల్లవాళ్ల మధ్యన పెట్టేసరికి అర్థం మారిపోయింది. 'చూడండి, నల్లవాడు కూడా కమ్యూనిజం వద్దంటున్నాడు' అని చెప్పడానికి సాక్ష్యమైంది. నల్లవాడు అమెరికాను కూడా వద్దన్నాడనే సంగతి ఆ పుస్తకానికి అక్కర్లేదు. రైట్ 1947లో అమెరికా విడిచి పారిస్‌లో స్థిరపడ్డాడు. 'స్వేచ్ఛా ప్రపంచం' తరపున సాక్ష్యం చెప్పిన ఆ మనిషి మీదే అమెరికా ఎఫ్‌బీఐ ఫైలు నడిపింది!

1955లో రైట్ బాండుంగ్ సభకు పోయి 'ది కలర్ కర్టెన్' రాశాడు. ఆ ప్రయాణానికి సాయం చేసింది కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడమ్. ఆ సంస్థ వెనక సీఐఏ డబ్బుందని 1966, 67ల్లో పత్రికలు బయటపెట్టాయి. దాని పత్రిక 'ఎన్‌కౌంటర్' సంపాదకుల్లో ఒకడైన స్పెండర్ రాజీనామా చేశాడు. డబ్బు ఎవరిదో తెలిసింది గాబట్టి రైట్ చెప్పిందంతా అబద్ధమా? కాదు. వరసలోంచి ఎత్తి పడేసింది నిజం. ఆ నిజాన్ని ఎవరు ఏ సంతలో అమ్మారు అన్నది ఇంకో నిజం. రెండూ పక్కపక్కన పెట్టి చదవాల.

రెండోది మన గడపలోదే. సెలిగ్ హారిసన్ అనే అమెరికన్ జర్నలిస్టు 1956 జూన్‌లో 'అమెరికన్ పొలిటికల్ సైన్స్ రివ్యూ'లో 'కాస్ట్ అండ్ ది ఆంధ్ర కమ్యూనిస్ట్స్' అనే వ్యాసం రాశాడు. 1960లో వచ్చిన ఆయన పుస్తకం 'ఇండియా: ది మోస్ట్ డేంజరస్ డికేడ్స్'లో కూడా ఇదే వాదన. 1934లో ఆంధ్రలో పార్టీ పుట్టినకాణ్ణించి దాని నాయకత్వం డెల్టా కమ్మ ఆసాముల చేతుల్లో ఉందనీ, కాంగ్రెస్‌లో రెడ్లది పైచేయి అనీ, మన రాజకీయాల్ని ఈ రెండు కులాల పోటీ నడుపుతోందనీ ఆయన చెప్పాడు. 1955 ఎన్నికల్లో 196 సీట్లలో కమ్యూనిస్టులకు 15 మాత్రమే ఎట్లా వచ్చాయో అర్థం చేసుకోవాలన్నది ఆయన తాపత్రయం.

ఈ పుస్తకం దొరికిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని కమ్మ భూస్వాములు చంపినప్పుడు మా ఊరి అరుగు మీది కామ్రేడు "ఇది వర్గ సమస్య, కులం పేరెత్తితే ఐక్యత చెడుద్ది" అన్నాడు. మా నాయన జీవితంలో మొదటిసారి ఎదురడిగాడు: "మరి చచ్చినోళ్లంతా మా కులపోళ్లే ఎందుకున్నారయ్యా?" జవాబు రాలేదు. ఆ జవాబు దరిదాపుల్లోకి ముప్పై ఏళ్ల ముందే ఒక అమెరికావాడు వచ్చాడని నాకు ఫుట్‌పాత్ మీద తెలిసింది. ఆ పుస్తకం తీసుకెళ్లి ఒక నాయకుడికి చూపిస్తే ఆయన తెరిచైనా చూడలేదు. "సీఐఏ రాత" అన్నాడు.

కోపంతో నేను చేసిన తప్పు కూడా చెప్పుకోవాలి. ఒక విద్యార్థి సభలో హారిసన్‌ను కర్రలాగా పట్టుకుని కమ్యూనిస్టుల్ని చెడామడా ఉతికా. చప్పట్లు బాగా పడ్డాయి. సభ అయ్యాక ఒక మాల పెద్దాయన, పాత పార్టీ మనిషి, దగ్గరకొచ్చి కూచున్నాడు. "అబ్బాయ్, నువ్వు చెప్పింది నిజమే. కానీ కూలి పెంచమని కొట్లాడి మేం లాఠీలు తిన్నాం, జైళ్లకు పోయాం. ఆ దొర అది రాశాడా?" అనడిగాడు. ఇంటికొచ్చి వెనక పేజీలు తిరగేశా. పెత్తందార్ల కులాల లెక్క ఉంది. ఆ పెద్దాయన లేడు.

అప్పుడు హారిసన్‌ను మళ్లీ చదివా. ఆయన అడిగిన ప్రశ్న 'కులం ఎట్లా పోతుంది' అని కాదు. 'కమ్యూనిస్టులు గెలుస్తారా, ఇండియా ముక్కలవుతుందా' అని. కూలీలు ఆయనకు ఓట్లు, అంతే. ఆయన లెక్కలో ఇమడనివాళ్లూ ఉన్నారు. రెడ్డి అనే తోక తీసేసుకున్న పుచ్చలపల్లి సుందరయ్య, రావి నారాయణరెడ్డి అటువంటివాళ్లే. పెత్తందారీ కులాల ముఠా తగాదాగా చూస్తే ఒక ఉద్యమంలో మాల మాదిగలు ఎందుకు చేరారో, ఏం ఆశించారో, ఎక్కడ మోసపోయారో కనబడదు. మా కామ్రేడు కులాన్ని చూడకుండా మమ్మల్ని చూశాడు. హారిసన్ మమ్మల్ని చూడకుండా కులాన్ని చూశాడు. ఇద్దరికీ మేం సగమే కనబడ్డాం.

మిగతా బీరువా కూడా ఇంతే. అమెరికా రాయబారిగా ఢిల్లీలో ఉండిపోయిన మొయినిహాన్ 1978లో 'ఎ డేంజరస్ ప్లేస్' రాశాడు. కేరళ, బెంగాల్ కమ్యూనిస్టుల్ని ఓడించేందుకు తమవాళ్లు రెండుసార్లు కాంగ్రెస్‌కు డబ్బిచ్చారని అందులో చెప్పాడు. 2005లో వచ్చిన మిత్రోఖిన్ పత్రాల రెండో సంపుటం ఇక్కడ కేజీబీ చేసిన ఖర్చుల కథ చెప్పింది. ఎవరు ఎవరికిచ్చారని పెద్ద రగడ జరిగింది. ఆ డబ్బు ఏ కులాల గుమ్మాల్లో దిగి ఉంటుందని ఎవరూ అడగలేదు.

గూఢచారులు అసలు మనలాంటివాళ్ల జోలికి రారనుకోవద్దు. ఎఫ్‌బీఐ 1956 నుంచి 1971 దాకా నడిపిన కోయింటెల్‌ప్రో మార్టిన్ లూథర్ కింగ్ వెంటబడింది. బ్లాక్ పాంథర్ ఫ్రెడ్ హాంప్టన్‌ను 1969 డిసెంబర్ 4న పోలీసులు కాల్చిచంపారు. ఆయన గది నక్షా ఇచ్చింది లోపలే తిరిగిన ఒక ఇన్‌ఫార్మర్. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పేరు పెట్టుకున్నది ఆ పాంథర్లను చూసే. కాబట్టి ఉద్యమాల్లో ఉన్న పిల్లలకు ఈ పుస్తకాలు కాలక్షేపం కాదు.

1936లోనే 'కుల నిర్మూలన'లో అంబేడ్కర్ సోషలిస్టుల్ని నిలదీశాడు. 1956 నవంబర్లో ఖాట్మండులో బుద్ధుడినీ మార్క్స్‌నూ ఎదురెదురుగా పెట్టి మాట్లాడాడు. మార్క్స్‌తో వాదించడానికి ఆయనకు ఎవడి డబ్బూ అక్కర్లేదు. వాదించాడు గాబట్టి ఆయన అమెరికా ఏజెంటూ కాడు. మనకు దారి అక్కడుంది. శత్రువు చెప్పినా నిజం నిజమే. కానీ శత్రువు మన కోసం చెప్పడు. మన కోసం మనమే రాయాలి.

నా బీరువాకు తాళం లేదు. విద్యార్థులొచ్చి తీసుకుపోతారు, కొన్ని తిరిగిరావు, ఫర్వాలేదు. అడిగేదొక్కటే: ఎప్పుడు రాశారు, ఎవరు అచ్చేశారు, ఎవరిని వదిలేశారు, ఈ మూడూ చూసి చదవండి. ఆ మాల పెద్దాయన పోయాడు. ఆయన జైలు కథ ఏ శిబిరం పుస్తకంలోనూ నాకు దొరకలేదు. ఆయన చెప్పినంతవరకు ఒక నోట్‌బుక్కులో రాసిపెట్టుకున్నా. గూఢచారుల పుస్తకాల మధ్యనే అది కూడా ఉంది. ముందు దాన్ని తీసుకుపోండి.