సహపంక్తియు సహృదయతయు

గేయమును విమర్శించువారు సాహిత్యమును పరిశీలింతురు, సంగీతమును పరిశీలింతురు. అది ఏ గదిలో, ఎందరి యెదుట పాడబడినదను ప్రశ్న పీఠికలో ఒక వాక్యముతో తీరిపోవుచున్నది. శ్రోతృమండలియు గేయమునకు అంగమే యని మా యభిప్రాయము. ఇందులకు వియన్నా నగరమున ఫ్రాంజ్ షూబర్ట్ (1797-1828) మిత్రులు తమ యిండ్లలో జరుపుకొనిన గానగోష్ఠులు తగిన ఉదాహరణము. వానికి ఆ మిత్రులే 'షూబర్టియాడ్' అని పేరిడిరి.

1821 జనవరి 26వ తేదీ రాత్రి షోబర్ అను మిత్రుని యింట ఇంచుమించు పదునలుగురు కూడిరి. షూబర్ట్ పియానో వాయించుచు తన పాటలు పెక్కు పాడెను; పిమ్మట పానీయములు, సల్లాపములు. వేదిక లేదు, రుసుము లేదు. గాయకునికిని శ్రోతకును నడుమ దూరము బారెడు. గొంతు హెచ్చింప నక్కరలేనిచోట కవి పలుకు ప్రతియొక్కటియు చెవికి సోకును. జర్మను 'లీడ్' పదప్రధానమైన ప్రక్రియగా పెరుగుటకు ఇదియు నొక హేతువని మా యూహ.

ఇంటి తలుపు మూసికొనుటకు మరొక కారణము గలదు. 1819 నాటి కార్ల్స్‌బాద్ శాసనముల పిమ్మట యువకుల సమావేశములపై పోలీసు నిఘా తీవ్రమయ్యెను. 1820లో కవి యోహాన్ సెన్‌తోపాటు షూబర్ట్‌ను కూడ నిర్బంధించి విడిచిపెట్టిరి. సెన్ మాత్రము ఏడాదికి పైగా చెరయందుండి వియన్నానుండి వెడలగొట్టబడెను.

1826 డిసెంబరు 15న స్పౌన్ యింట జరిగిన గోష్ఠి మిక్కిలి ప్రసిద్ధము. ఫోగ్ల్ అను వృద్ధగాయకుడు ముప్పదికి దగ్గరగా పాటలు పాడెననియు, తరువాత పెద్ద విందును నాట్యమును జరిగెననియు హార్ట్‌మన్ అను అతిథి దినచర్యలో వ్రాసికొనెను. (ముప్పది పాటలు విన్న పిమ్మట ఆకలి యగుట సహజమే.) స్పౌన్ యింటి గోష్ఠిని ష్విండ్ అను చిత్రకారుడు 1868లో, షూబర్ట్ గతించిన నలుబది యేండ్లకు, స్మృతినుండి చిత్రించెను. ఈ గోష్ఠులను గూర్చి నేడు లోకమునకు గల మధురభావనలో ఆ చిత్రముపాలు హెచ్చు.

ఆ మధురభావననే మేము శంకించుచున్నాము. 1827లో షూబర్ట్ విల్‌హెల్మ్ మ్యూలర్ కవితలకు 'వింటర్‌రైసె' (శీతకాలయాత్ర) అను గేయమాలను కూర్చి, షోబర్ యింట మిత్రులకు పాడి వినిపించెను. ఆ పాటలలోని విషాదమునకు వారు నిశ్చేష్టులైరి. లిండెన్ చెట్టును గూర్చిన పాట యొక్కటి మాత్రమే తనకు నచ్చినదని షోబర్ చెప్పెను. తన పాటలన్నిటిలో ఇవియే తనకు మిక్కిలి ప్రీతికరములనియు, వారికిని ముందు నచ్చుననియు షూబర్ట్ బదులిచ్చెనట. ఈ వృత్తాంతమును వ్రాసినవాడు ఆ మిత్రులలో ఒకడైన స్పౌనే.

ఏండ్ల తరబడి ఒకే పంక్తిని భుజించినవారు ఒకే రుచికి అలవాటుపడుదురు. ఆ గదికి వారు వెదకికొని వచ్చినది ఉల్లాసము. అది దొరకనినాడు చెవి మూతపడెను. ఆలంకారికులు చెప్పిన సహృదయుడు మిత్రుడు కానక్కరలేదు. మిత్రుడు సహృదయుడగునను నియమమును లేదు. అయినను గోష్ఠి వ్యర్థమని మేము చెప్పజాలము. ఆ పాటలను మొట్టమొదట పాడి చూచుటకు షూబర్ట్‌నకు ఆ గది కలదు. అనతికాలములోనే ఆ మిత్రులు వానిని మెచ్చిరనియు స్పౌన్ వ్రాసెను. రెండవమారు వినుటకు అవకాశమిచ్చునది చిన్న గదియే.

తెలుగు పదసాహిత్యమునకును ఇట్టి గది యొకటి కలదు. వీణ ధనమ్మాళ్ (1867-1938) మదరాసు జార్జిటౌనులోని తమ యింట శుక్రవారపు సాయంకాలములందు వీణ వాయించుచు క్షేత్రయ్య పదములు పాడుచుండెడివారు. అచట ప్రధానము విందు కాదు, నిశ్శబ్దము. విలంబకాలమున నడచు పదములో చరణము ముగిసినప్పుడెల్ల పల్లవి తిరిగివచ్చి, వెనుకటి మాటకే క్రొత్త యర్థమును తెచ్చును. అచ్చుపుస్తకమున పల్లవి ఒక్కమారే కనబడును. పదములను వరుసగా చదివి 'అన్నియు నొకే తీరు' అని తీర్పు చెప్పు వ్యాసములు మా పరిశీలనకు తరచుగా వచ్చుచున్నవి. ఆ వ్యాసకర్తలు ఒక్క పదమునైనను, చరణము చరణమునకు పల్లవి తిరిగి వచ్చుచుండగా, నలుగురైదుగురి నడుమ కూర్చుండి వినినారా యని మేము అడుగుచున్నాము.